సానచక్రము - స్వీయశాసనము

లోహమును కోయుట యొక విద్య; కోసిన లోహమును కొలతకు తెచ్చుట మఱియొక విద్య. మొదటిది మన పట్టణములందు చాలమందికి అలవడినది. విజయవాడ ఆటోనగరు వీథులలోను, హైదరాబాదు బాలానగరు షెడ్లలోను, చిన్న పట్టణముల బస్టాండుల ప్రక్కనున్న రేకుల పాకలలోను లేతు తిరుగుచునే యున్నది. ఇంటి పెరటిలో చిన్న లేతు నొకదానిని నిలుపుకొని తీరిక వేళల పనిచేయు ఉద్యోగులును, విశ్రాంత ఇంజనీర్లును, కళాశాల విద్యార్థులును నేడు కానవచ్చుచున్నారు. ఇది శుభసూచకము. కాని రెండవ విద్య, అనగా గట్టిపఱచిన ఉక్కును వెంట్రుకలో ఐదవ వంతు సూక్ష్మతకు దిద్దు విద్య, పెద్ద కర్మాగారముల సొత్తుగనే యింకను తలపబడుచున్నది. ఆ తలపు సరికాదని మా యభిప్రాయము. చిన్న లేతుపై బిగించుకొనదగిన సానయంత్రము ఈ విద్యను సామాన్యుని పెరటిలోనికి తేగలదు. అయితే అది తనతో కొన్ని కఠిననియమములను గూడ వెంటబెట్టుకొని వచ్చును. ఆ నియమములను పాటింపగలవానికే అది మిత్రము, తక్కినవారికి శత్రువు. ఈ రెండు సంగతులను మా చదువరులకు విన్నవింప దలచితిమి.

సానపట్టుట యేల యవసరము? ఎఱ్ఱగా కాల్చి నూనెలో ముంచి గట్టిపఱచిన ఉక్కును లేతునందలి సామాన్యపు ఉలి కోయజాలదు. గట్టిపఱచుటకు ముందే కొలతకు కోసి యుంచుదమన్న, ఆ కాల్చుటలో లోహము స్వల్పముగ వంకరపోవును. ఆ వంకరను పిమ్మట తీయగలది సానచక్ర మొక్కటియే. ఇక కొలత మాట. 25 మిల్లీమీటర్ల షాఫ్టుపై బేరింగు కూర్చుండవలసిన చోటును ఉదాహరణముగ తీసికొందము. కె6 అను ప్రమాణము ననుసరించి ఆ చోటు 25 మిల్లీమీటర్ల కంటె 2 మైక్రాన్లు మొదలు 15 మైక్రాన్ల వఱకు పెద్దదిగ నుండవలెను. మైక్రాను మిల్లీమీటరులో వేయవ వంతు. మనుష్యుని తలవెంట్రుక సుమారు 70 మైక్రాన్ల మందముండును. కావున పనివానికి లభించిన స్వేచ్ఛ 13 మైక్రాన్లు మాత్రమే. అంతకు తగ్గెనా, బేరింగు లోపలి కడియము షాఫ్టుపై జాఱి దానిని అరగదీయును. మించెనా, బేరింగు బిగుసుకొని వేడెక్కి చెడును. నడివేసవిలో పైరునకు నీరందించు మోటారు మూలబడుటకు ఈ కొన్ని మైక్రాన్లే కారణము కావచ్చును. రైతునకు మైక్రాను పేరు తెలియకపోవచ్చును. దాని ఫలము మాత్రము తెలియును.

ఈ పనికై ప్రత్యేకమైన గ్రైండింగు యంత్రములు గలవు. అవి వెలలో అధికములు, బరువులో ఘనములు. చిన్న వర్క్‌షాపున కందునవి కావు. వానికి బదులుగా పనివారు టూల్‌పోస్టు గ్రైండరని పిలుచు పరికర మొకటి గలదు. చిన్న మోటారు, దానిచే వేగముగ తిరుగు స్పిండిలు, స్పిండిలు కొనకు సానచక్రము - ఇంతియే దాని స్వరూపము. లేతుపై ఉలి నుండవలసిన చోట దీనిని బిగింతురు. లేతు పనివస్తువును మెల్లగ త్రిప్పును. సానచక్రము తన వేగముతో తాను తిరుగును. రెండును తాకు చోట వాని యంచులు ఎదురెదురుగ సాగునట్లు త్రిప్పుదిశల నేర్పఱతురు. ఒక్కొక్క తడవకు మిల్లీమీటరులో నూఱవ వంతో, అంతకంటె తక్కువయో మాత్రమే తీయుదురు. కడపట చక్రమును ముందునకు జరుపకయే, నిప్పురవ్వలు సన్నగిలి ఆగు వఱకు, అటునిటు నడపుదురు. ఓర్పు లేనివాడు ఈ కడపటి మెట్టును విడిచిపెట్టును. వాని పనియందు ఆ లోటు కొలతకు తప్పక దొరకును.

దీనిని చూచి, లేతు పని లేతుదే, సాన పని సానదే, రెంటిని కలుపుట సంకరమని నవ్వువారు గలరు. చరిత్ర వారిని సమర్థింపదు. స్తంభాకార వస్తువులను సానపట్టు యంత్రము లేతు కడుపుననే పుట్టినది. 1860ల నాట అమెరికా దేశమున ప్రావిడెన్సు నగరపు బ్రౌన్ అండ్ షార్పు సంస్థవారు విల్కాక్సు అండ్ గిబ్బ్సు వారి కుట్టుయంత్రములను చేయుచుండిరి. గట్టిపఱచిన సూదికడ్డీలను కొలతకు తెచ్చుట వారికి గడ్డు సమస్య యైనది. జోసెఫ్ బ్రౌను లేతునే సానయంత్రముగ మార్చి ఆ చిక్కును తీర్చెను. ఆ యనుభవము నుండియే 1876లో ఆ సంస్థవారి సార్వత్రిక సానయంత్రము వెలువడినది. నేటి మహాయంత్రములకు పూర్వులలో నొకటి లేతుపై నమర్చిన సానచక్రమే యనుట ఇందువలన స్పష్టము. కావున చిన్న వర్క్‌షాపు యజమాని చేయుచున్నది వింతపని కాదు. పెద్దలు నడచిన త్రోవనే నడచుచున్నాడు.

సానచక్రమునకును మనకును గల చుట్టఱికము అంతకంటె ప్రాచీనమైనది. పాశ్చాత్యులు కోరండమని పిలుచు కఠిన ఖనిజపు పేరు దక్షిణదేశపు మాటయే. తమిళమున అది కురుందము. మన నిఘంటువులలో కురువిందమనగా కెంపు. కెంపును ఆ సానరాతిపొడియు ఒక్క ఖనిజమునకు రెండు రూపములని నేటి శాస్త్రము తెలుపుచున్నది. ఆ పొడిని లక్కతో కలిపి చక్రముగ పోసి రత్నములకు సానపట్టుట ఈ దేశపు శిల్పులు ఎఱిగిన విద్య. ఏటికొప్పాకలో తరిమెనపై తిరుగు అంకుడు కఱ్ఱబొమ్మకు రంగు నిచ్చునదియు ఆ లక్కయే. నేటికిని మిక్కిలి నునుపైన పనికి లక్కబంధము గల చక్రములను వాడువారు గలరు. 1891లో అమెరికా దేశీయుడు ఎడ్వర్డు ఆచెసను విద్యుత్కొలిమిలో కొత్త పదార్థము నొకదానిని పుట్టించి, అది కర్బనమును కోరండమును కలిసినదని భ్రమపడి కార్బొరండమను పేరు పెట్టెను. అది నిజమునకు సిలికాన్ కార్బైడు. భ్రమ తొలగెను, పేరు నిలిచెను. ఆ పేరులో మన దక్షిణదేశపు మాట చిక్కుకొని యున్నది.

పూర్వవైభవమును తలచి మీసము దువ్వుటకై మేమీ సంగతులను వ్రాయుట లేదు. ముడిపదార్థమును మాటను ఇచ్చిన దేశము, కొలతను మాత్రము ఇతరుల నుండి నేర్చుకొనవలసి వచ్చె ననుటకే వ్రాయుచున్నాము. చక్రములకు మాత్రము నేడు కొఱత లేదు. 1941లో బొంబాయి ప్రాంతమున గ్రైండ్‌వెల్ సంస్థయు, 1954లో మదరాసున కార్బొరండం యూనివర్సల్ సంస్థయు వెలసిన పిదప మంచి చక్రములు ఈ దేశముననే తయారగుచున్నవి. కొఱత చక్రమునందు లేదు. చక్రమును గుఱించిన జ్ఞానమునందు గలదు.

ఈ జ్ఞానము పెరటి వర్క్‌షాపులలో ఎట్లు పెరుగునో ఇంగ్లండు దేశపు ఉదాహరణము చూపును. అచ్చట 1898లో పెర్సివల్ మార్షలు స్థాపించిన మోడల్ ఇంజనీర్ అను పత్రిక చిన్న లేతుపై పనిచేయు గృహస్థులకు తరతరములుగ గురువై నిలిచినది. 1946లో వెలువడిన మైఫర్డు ఎం.ఎల్.7 వంటి చిన్న లేతులు గల గుమాస్తాలును, ఉపాధ్యాయులును, వైద్యులును ఆ పత్రికను చదివి పని నేర్చిరి. 1970లలో లఫ్‌బరో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు చాడక్ అనువాడు పనిముట్లకు సానపట్టు యంత్రము నొకదానిని కల్పించి, చిన్న లేతు గలవాడు ఇంటిలోనే దానిని చేసికొను విధమును ఆ పత్రికలో ప్రకటించెను. క్వార్న్ అను పేర ప్రసిద్ధమైన ఆ యంత్రమును అనేకులు తమ చేతులతో చేసికొనిరి. విద్వాంసుడు తన విద్యను పెరటి పాకకు దింపెను; పెరటి పాకవాడు ఆ విద్యను చేతలలో చూపెను. మన ఆచార్యులు ఇట్టి పనిని తమ గౌరవమునకు తక్కువగ తలపరాదని మా ప్రార్థన.

ఇక ఆక్షేపణలను పరిశీలింతము. సానచక్రపు పొడి లేతును పాడుచేయునని మొదటి యాక్షేపణ. ఇది నిజము. చక్రము నుండి రాలు రవ్వలు లేతు బెడ్డుపై నూనెలో కలిసి, జాఱు భాగముల నడుమ చేరి, ఉక్కును ఉక్కే తినునట్లు చేయును. కాని దీనికి మందు నిషేధము కాదు, శుభ్రత. పని మొదలిడుటకు ముందు బెడ్డును, జాఱు భాగములను దళసరి కాగితముతో కప్పవలెను. తిరుగు చక్కునకు గుడ్డ చుట్టుకొని ప్రాణాపాయము కలుగవచ్చును గావున వ్రేలాడు గుడ్డలను దగ్గఱకు రానీయరాదు. పాత వార్తాపత్రికలు ఈ పనికి మిక్కిలి యక్కఱకు వచ్చును. మా పత్రికయు అందుకు మినహాయింపు కాదు. పని ముగిసిన పిదప గాలి గొట్టముతో ఊదుట మహాదోషము. ఊదినచో పొడి కనబడని సందులలోనికి పోవును. పీల్చు యంత్రముతో తీసి, తుడిచి, క్రొత్త నూనె వేయవలెను. ఈపాటి ఓపిక లేనివాడు సానయంత్రమును కొనకుండుటయే మేలు.

చిన్న లేతు కచ్చితత్వము ఏపాటిదని రెండవ యాక్షేపణ. ఇదియు కొంత నిజమే. లేతు స్పిండిలునందు గల వంకర పనియందు ప్రతిబింబించును. అందుచేతనే అనుభవజ్ఞులు సానయంత్రముతో మొట్టమొదట లేతు సెంటరునే దిద్దుదురు. స్పిండిలులో అమర్చిన, 60 డిగ్రీల మొన గల సెంటరును, ఉన్న చోటనే త్రిప్పుచు సానపట్టుదురు. అప్పుడు ఆ మొన తాను తిరుగు అక్షమునకు సరిపడును. ఇతరుల పనిని దిద్దుటకు ముందు యంత్రము తన వంకరను తానే దిద్దుకొనుట ఎంత యుచితము!

డయలుపై నూఱవ వంతు గీతలు మాత్రమే యున్నపుడు అంతకంటె సూక్ష్మముగ చక్రమును జరుపుట యెట్లని యడుగవచ్చును. ఉపాయము గలదు. పై స్లయిడును లేతు అక్షమునకు 5 డిగ్రీల 44 నిమిషముల కోణమున నిలిపినచో, దానిని మిల్లీమీటరులో పదవ వంతు జరుపగా చక్రము పనివైపునకు నూఱవ వంతు మాత్రమే పోవును. డయలుపై నూఱవ వంతు వేయవ వంతగును. త్రికోణమితిని పాఠశాలలో కంఠస్థము చేసి మఱచినవారు దాని ప్రయోజనమును ఇచ్చట కన్నులార చూడవచ్చును. కొలతలో మఱియొక మోసము గలదు. ఉక్కు వేడికి పెరుగును. 25 మిల్లీమీటర్ల షాఫ్టు 20 డిగ్రీలు వేడెక్కినచో సుమారు 6 మైక్రాన్లు లావెక్కును. అనగా మనకు గల స్వేచ్ఛలో ఇంచుమించు సగము హరించుకొనిపోవును. వెచ్చనైన షాఫ్టు అబద్ధమాడును. చల్లాఱిన పిదపనే మైక్రోమీటరును పట్టవలెను.

కంప్యూటరు నడపు యంత్రములు గల ఈ కాలమున ఈ చిల్లర పరికరమేల యని మూడవ యాక్షేపణ. ఆ యంత్రములు వేలకొలది వస్తువులను ఒక్క తీరున చేయుటకు పుట్టినవి. అరిగిన షాఫ్టు నొక్కదానిని చేతబట్టుకొని వచ్చిన రైతు వాని లెక్కలోనికి రాడు. అదియుగాక, చక్రము ఏల కోయునో, ఏల మొద్దుబారునో ఎఱుగనివాడు ఎంతటి యంత్రమునైనను పాడుచేయగలడు. గట్టి ఉక్కునకు మెత్తని చక్రమును, మెత్తని ఉక్కునకు గట్టి చక్రమును వాడవలెనన్న సూత్రము విన్నవారికి వింతగ దోచును. కాని గట్టి ఉక్కుపై రవ్వలు త్వరగ మొద్దుబారును. మెత్తని చక్రమైనచో మొద్దుబారిన రవ్వలను విడిచి క్రొత్తవానికి చోటిచ్చును. గట్టి చక్రము వానిని విడువక పనిని మాడ్చును. ఇట్టి మర్మములు పెద్ద యంత్రపు తలుపుల వెనుక కానరావు. చిన్న యంత్రముపై వంగి చూచువానికి కానవచ్చును.

ఇంతవఱకు లాభమును చెప్పితిమి. ఇక ప్రాణముతో కూడిన సంగతి. సానచక్రము మట్టితో కలిపి కుండవలె కాల్చిన వస్తువు, కుండవలెనే పగులును. తిరుగు వేగము హెచ్చినకొలది దానిని చీల్చు బలము వేగపు వర్గముగ హెచ్చును. ఇట్టి చక్రములకు అంచు వేగము సామాన్యముగ సెకనుకు 33 మొదలు 35 మీటర్ల లోపల నుండవలెను. చక్రముపై ముద్రించిన సంఖ్యయే తుదితీర్పు. లెక్క సులభము. చక్రపు వ్యాసమును మిల్లీమీటర్లలో వ్రాసి, నిమిషమునకు తిరుగు చుట్లతో హెచ్చించి, 19,100తో భాగించినచో సెకనుకు మీటర్లు వచ్చును. 100 మిల్లీమీటర్ల చక్రము 6,000 చుట్లు తిరిగినచో వేగము 31 మీటర్లు, ఇది క్షేమము. ఆ చక్రమునే, బజారున దొరకు చేతి యాంగిల్ గ్రైండరునకు తగిలించి లేతుపై బిగించు సాహసికులు గలరు. అది నిమిషమునకు 11,000 చుట్లు తిరుగును. వేగము 57 మీటర్లు దాటును. చక్రమును చీల్చు బలము, 35 మీటర్ల నాటి దానికంటె రెండున్నర రెట్లు మించును. ఆ చేతి యంత్రమునకు నారతో బలపఱచిన వేఱు చక్రములు ఏర్పడి యున్నవి. ఒకదాని స్థానమున మఱియొకటి పెట్టుట ప్రాణముతో జూదమాడుట.

ఈ విషయమున శాసనమేమి చెప్పినదో చూడదగును. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టపు 30వ సెక్షను, సానపట్టు ప్రతి యంత్రము కడను చక్రపు గరిష్ఠ క్షేమవేగమును, స్పిండిలు వేగమును, తగిన పుల్లీ వ్యాసమును తెలుపు ప్రకటన శాశ్వతముగ నుండవలెనని విధించెను. చక్కని విధి. కాని ఆ చట్టము విద్యుచ్ఛక్తి వాడు చోట పదిమందియో అంతకు మించియో పనివారున్న స్థలమునే ఫ్యాక్టరీ యనెను. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా స్మృతి ఆ సంఖ్యను ఇరువదికి పెంచినది. కావున ఇద్దఱు పనివారున్న రేకుల పాకకును, ఒక్కడే పనిచేయు పెరటి గదికిని ఆ రక్షణ మొదటనే లేదు. గీత ఇప్పుడు మఱింత దూరము జరిగినది. సానచక్రమునకు మాత్రము పదికిని ఇరువదికిని భేదము తెలియదు. ఒంటరివాని పెరటిలోను అది అదే వేగమున పగులును. చట్టము గడప దాటని చోట యజమానియే శాసనకర్త, తానే తనిఖీదారు, తప్పు జరిగినచో శిక్ష యనుభవించువాడును తానే. ఈ స్వీయశాసనమునకు సిద్ధపడనివానికి స్వయంపోషకమైన పరిశ్రమ అబ్బదు.

ఆ స్వీయశాసనమున ముఖ్యవిధులు కొన్నియే. చక్రమును బిగించుటకు ముందు వ్రేలాడదీసి కఱ్ఱపిడితో మెల్లగ తట్టవలెను. మట్టిబంధపు చక్రము ఖంగున మ్రోగిన మంచిది, పగిలిన కుండవలె మ్రోగిన పాఱవేయవలెను. బిళ్లల నడుమ కాగితపు అట్టలను విడువరాదు. ఇనుప కప్పు లేక త్రిప్పరాదు. త్రిప్పిన వెంటనే చక్రమున కెదురుగ నిలువక ప్రక్కకు తొలగి ఒక నిమిషము వేచియుండవలెను. కన్నులకు అద్దములు, ముక్కునకు తగిన ముసుగు ధరింపవలెను. పూర్వము ఇంగ్లండున షెఫీల్డు నగరపు సానపనివారు ఇసుకరాతి చక్రముల ధూళిని పీల్చి అకాలమరణము పాలైరి. మన గుజరాతున ఖంభాతు పట్టణమున అకీకు రాళ్లను సానపట్టు పేదలను సిలికోసిస్ వ్యాధి పీడించిన సంగతి లోకవిదితము. నేటి చక్రములలో ఇసుకరాయి లేదు. ఐనను ఏ ధూళియు ఊపిరికి ఆహారము కాదు. కార్బైడు పనిముట్లకు సానపట్టునప్పుడు లేచు కోబాల్టు ధూళి మఱింత హానికరము.

చేయవలసిన పనులను మూడు మాటలలో చెప్పి విరమింతుము. 1943లో సికింద్రాబాదున వెలసిన ప్రాగా టూల్సు యంత్రపరికరములను చేసిన గడ్డ మనది. 1968 నుండి పనిముట్ల నిర్మాణమును బోధించు కేంద్ర సంస్థ హైదరాబాదుననే యున్నది. ఇట్టి విద్యాలయములవారును, పాలిటెక్నిక్కులవారును చిన్న లేతుపై సానపట్టు విధానమును తేటతెలుగున చిన్న పుస్తకముగ వెలువరింపవలెను. ఆటోనగరుల సంఘములవారు, ఒక్కొక్కరు కొనజాలని వజ్రపు మొనను, కొలతదిమ్మలను, మంచి స్పిండిలును ఉమ్మడిగ కొని యందఱకు అందుబాటున నుంచవలెను. గ్రంథాలయములవారు వేగపు లెక్కను పెద్ద యక్షరములతో వ్రాయించి ఊరి వర్క్‌షాపులకు పంచవలెను; ఒక్క కాగితము ఒక్క కన్నును కాపాడినను వారి శ్రమ సార్థకమే.

సోదరులారా! కచ్చితత్వము ధనవంతుల ఆభరణము కాదు. ఓర్పు గలవాని ఆర్జితము. పదమూడు మైక్రాన్లలో సత్యము పలుకుట నేర్చిన చేయి పెద్ద కొలతలలో అసత్యమునకు పాల్పడదని మా విశ్వాసము. మన పెరటి లేతులపై సానచక్రములు తిరుగుగాక. కాని వాని వేగమును లెక్కించిన పిదపనే తిరుగుగాక.